అమెరికా ఓట్లలో చర్చి, అబార్షన్, రంగు ఎలా కలిశాయంటే

అమెరికా ఎన్నికలంటే మనవాళ్ళకి ఒక లెక్క ఫిక్స్ అయిపోయింది, రిపబ్లికన్ అంటే చర్చి పార్టీ, అబార్షన్ వద్దనే పార్టీ, డెమోక్రాట్ అంటే దానికి ఉల్టా. పుట్టుకతో వచ్చినట్టే మాట్లాడతారు గానీ 1970ల మొదట్లో చూస్తే అసలు ఈ గీతలే లేవు.

1960లో గొడవ వేరే. కెనెడీ క్యాథలిక్, పోప్ చెప్పినట్టు ఆడతాడేమో అని ప్రొటెస్టెంట్లకి అనుమానం, 1928లో అల్ స్మిత్ అనే ఇంకో క్యాథలిక్ నిలబడి చిత్తుగా ఓడిపోయాడు కూడా. కెనెడీ సెప్టెంబర్ 12న హ్యూస్టన్‌లో ఆ పాస్టర్ల మధ్యకే వెళ్ళి, చర్చి వేరు ప్రభుత్వం వేరు, నా మనస్సాక్షికీ దేశానికీ పొసగని రోజొస్తే పదవి వదిలేస్తా అని చెప్పొచ్చాడు. అంటే అప్పట్లో ఓట్లు కావాలంటే నా మతం ఆఫీసులోకి రాదు అని నమ్మించాలి.

అబార్షన్ సంగతికొస్తే ఇంకా విచిత్రం. 1967లో కాలిఫోర్నియా గవర్నర్‌గా అబార్షన్ చట్టాన్ని సడలిస్తూ సంతకం పెట్టింది ఎవరో కాదు, తర్వాత రిపబ్లికన్ ప్రెసిడెంటైన రీగన్. 1971లో సదరన్ బాప్టిస్టులు (దక్షిణాదిలో పెద్ద ప్రొటెస్టెంట్ వర్గం) రేప్ కేసుల్లో, తల్లి ఆరోగ్యం దెబ్బతినే కేసుల్లో అనుమతించాలని తీర్మానం చేశారు. అబార్షన్‌ని దేశమంతా హక్కు చేసిన 1973 సుప్రీంకోర్టు తీర్పు, రో, అందులో అవునన్న ఏడుగురు జడ్జీల్లో ఐదుగురు రిపబ్లికన్ ప్రెసిడెంట్లు వేసినవాళ్ళే, కాదన్న ఇద్దరిలో ఒకాయన్ని వేసింది కెనెడీ! దీన్ని మొదట్నించీ గట్టిగా వ్యతిరేకించింది ప్రధానంగా క్యాథలిక్కులు, వాళ్ళలో చాలామంది డెమోక్రాట్లు.

మరి దక్షిణాది పాస్టర్లకి ఎక్కడ కాలిందయ్యా అంటే స్కూళ్ళ దగ్గర. 1954 సుప్రీంకోర్టు తీర్పుతో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి చదివించాల్సి వచ్చేసరికి తెల్లవాళ్ళు ప్రైవేటు స్కూళ్ళు పెట్టుకున్నారు, చాలావాటికి చర్చి బోర్డు తగిలించారు. మిసిసిపీలో హోమ్స్ కౌంటీ ఉంది, అక్కడ కలిపిన మొదటి ఏడాది 1969లో గవర్నమెంట్ స్కూళ్ళలో తెల్లపిల్లలు 771 నుంచి 28కి పడిపోయారు, మరుసటేడు సున్నా. నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, వివక్ష చూపే స్కూళ్ళకి ట్యాక్స్ మినహాయింపు కుదరదని 1971లో తీర్పొచ్చింది. బాబ్ జోన్స్ అనే దక్షిణాది క్రైస్తవ యూనివర్సిటీ అయితే 1971 దాకా నల్లవాళ్ళని చేర్చుకోనేలేదు, తర్వాత వాళ్ళలో పెళ్ళైనవాళ్ళనే చేర్చుకుంది, 1975లో అందరినీ రానిచ్చింది గానీ రెండు రంగులవాళ్ళు డేటింగ్ చేస్తే గెంటేస్తాం అని రూల్, ఆ రూల్ 2000 దాకా ఉంది. 1976లో దాని మినహాయింపు పోయింది.

పాస్టర్లని కదిలించింది ఈ ట్యాక్సు గొడవే, అబార్షన్ కాదు అని చర్చి ఓట్లని రిపబ్లికన్ల వైపు కూడగట్టే ఉద్యమం కట్టిన పాల్ వేరిక్ తర్వాత తనే ఒప్పుకున్నాడు. చరిత్రకారులు అందరూ దీన్ని ఒప్పుకోరు, క్యాథలిక్కుల పోరాటం అంతకుముందే ఉందిగా, అది నిజమే. నాకైతే కోపం స్కూళ్ళ దగ్గర మొదలైంది, జెండా మీదకి మాత్రం అబార్షన్ ఎక్కింది అనిపిస్తుంది, ఎందుకంటే మా స్కూల్లోకి నల్లపిల్లలొద్దు అని దేశమంతా తిరిగి ఓట్లడగలేరు కదా. 1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టర్ మోరల్ మెజారిటీ అని ఈ ఓటర్లని కూడగట్టే సంస్థ పెట్టాడు, 1980లో వీళ్ళంతా సండే స్కూల్లో పాఠాలు చెప్పే డెమోక్రాట్ ప్రెసిడెంట్ కార్టర్‌ని వదిలేసి విడాకులైన హాలీవుడ్ నటుడు రీగన్ వెనక నడిచారు. ఆ ఏడాది ఆగస్టులోనే రీగన్ మిసిసిపీ నెషోబా జాతరలో రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడాడు, నల్లా తెల్లా కలపమన్న కేంద్రాన్ని కాదనడానికి దక్షిణాదివాళ్ళు వాడిన మాట అది, 1964లో ముగ్గురు పౌరహక్కుల కుర్రాళ్ళని చంపేసింది ఆ పక్కనే.

అక్కణ్ణించి నాయకుల సొంత అభిప్రాయాలు పార్టీ వెనకాలే నడిచాయి. పెద్ద బుష్ ఒకప్పుడు కుటుంబ నియంత్రణకి పెద్ద సపోర్టరు, 1980లో రీగన్ పక్కన ఉపాధ్యక్ష సీటు దొరకగానే మారాడు. ట్రంప్ 1999లో టీవీలో అబార్షన్ హక్కుకి జై అన్నాడు, 2022లో రోని కొట్టేసిన జడ్జీల్లో ముగ్గురు ఆయన వేసినవాళ్ళే. అటు చూస్తే వ్యక్తిగతంగా వ్యతిరేకమే కానీ చట్టంతో రుద్దను అనే దారిని 1984లో న్యూయార్క్ గవర్నర్ మారియో క్యువోమో నోటర్‌డామ్ అనే క్యాథలిక్ యూనివర్సిటీలో వివరంగా చెప్పాడు, బైడెన్ లాంటి క్యాథలిక్ డెమోక్రాట్లు చాలా ఏళ్ళు అదే పట్టుకుని లాగించారు, అబార్షన్‌కి ఫెడరల్ డబ్బు ఇవ్వకూడదన్న నిబంధనకి బైడెన్ మద్దతు వదిలింది 2019లో, ప్రెసిడెంట్ అభ్యర్థి అవ్వాలని ప్రచారం మొదలుపెట్టాకే.

నా మతం ఆఫీసులోకి రాదు అన్న కాలం ఎంత మారిందంటే, 2025 అక్టోబర్‌లో మిసిసిపీ యూనివర్సిటీలో ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ తన భార్య, మన తెలుగింటమ్మాయి ఉష, ఎప్పటికైనా చర్చి దారికొస్తే బావుణ్ణు అన్నాడు, గోల అయ్యింది, తర్వాత ఆమెకి మతం మారే ఆలోచన లేదని ఆయనే ఎక్స్‌లో రాసుకోవాల్సొచ్చింది.