పోయిన పుస్తకంలో పేజీకి ఎన్ని లైన్లు?

మహాభారతంలో ఏది పాతది, ఏది తర్వాత ఎవరో చేర్చింది అని గొడవ వచ్చినప్పుడల్లా పూణె భండార్కర్ సంస్థ పాత రాతప్రతుల్ని పోల్చి చూసి వేసిన పరిష్కృత ప్రతిని సాక్ష్యానికి పిలుస్తారు. దాని వెనకున్న పద్ధతి మాత్రం లాటిన్, గ్రీకు పుస్తకాల దగ్గర పుట్టింది. జర్మన్ పండితుడు కార్ల్ లాఖ్మన్ (1793–1851) పేరు మీద చలామణీ అవుతోంది.

బెర్లిన్‌లో ప్రొఫెసర్‌గా చేసిన ఈయన పాత జర్మన్ కావ్యాల నుంచి గ్రీకు కొత్త నిబంధన దాకా పరిష్కరించాడు. 1831లో, అప్పటికి మూడు వందల ఏళ్లుగా అచ్చవుతూ వస్తున్న బైబిల్ పాఠాన్ని పక్కన పెట్టి పాత రాతప్రతుల్నే నమ్ముకున్నాడు. చిన్న సాహసమేం కాదు.

అసలు మజా 1850లో ఆయన పరిష్కరించిన రోమన్ కవి లుక్రేషియస్ కావ్యంలో ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఆ లాటిన్ కావ్యానికి తొమ్మిదో శతాబ్దపు రాతప్రతులు రెండున్నాయి. వాటిలో ఒకదాంట్లో నాలుగు చోట్ల పద్యభాగాలు ఎగిరిపోయి, చివర్లో కుప్పగా తేలాయి, ఒక్కోటీ దాదాపు 52 లైన్లు. అంటే ఏ పుస్తకం చూసి దీన్ని రాశారో ఆ మాతృకలో నాలుగు ఆకులు ఊడిపోతే ఎవరో వెనక దోపారు, లేఖకుడు ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు. ఆకుకి రెండు వైపులు కాబట్టి పేజీకి 26 లైన్లు! ఎవరూ చూడని పుస్తకానికి లాఖ్మన్ కొలతలు చెప్పేశాడు.

పద్ధతి మొత్తం ఆయన సొంతమా అంటే, కాదు. పరీక్షలో ఇద్దరు ఒకే తప్పు రాస్తే కాపీ అని పట్టుకున్నట్టు, ఉమ్మడి తప్పుల్ని బట్టి ప్రతుల చుట్టరికం తేల్చి వంశవృక్షం గీయడం దీని ప్రాణం. లాఖ్మన్ అలాంటి చెట్టు ఒక్కటీ గీయలేదు, స్వీడన్‌లో ష్లూటర్ అనే పండితుడు 1827లోనే గీశాడు. లుక్రేషియస్ ప్రతుల బంధుత్వం కూడా యాకోబ్ బెర్నైస్ అనే మరో జర్మన్ పండితుడు 1847లో తేల్చిందే. పద్ధతిలో లాఖ్మన్ వాటా ఎంతో ఇటలీ పండితుడు టింపనారో 1963లో లెక్క తేల్చాడు. పేరు మాత్రం మారలేదు, ఎప్పుడూ ఉండేదే.

బెర్లిన్‌లో చదువుకున్న సంస్కృత పండితుడు వి.ఎస్. సుక్తంకర్ 1925లో పూణెలో భారతం పని చేపట్టాడు. దక్షిణాది శాఖలో గ్రంథ, మలయాళ లిపులతో పాటు మన తెలుగు లిపి ప్రతుల్నీ సరిచూశారు. అయితే మన లేఖకులు నాలుగు ప్రతులు పక్కన పెట్టుకుని కలిపి రాసేవాళ్లు కాబట్టి వంశవృక్షం పూర్తిగా నిలబడదని ఆయనే రాశాడు. దొరికిన ప్రతుల నుంచి చేరగలిగినంత పాత రూపమే తప్ప, వ్యాసుడి నోటి మాట పట్టుకున్నానని ఆయన ఎక్కడా అనలేదు. ఈ పూణె ప్రతిని ఒరిజినల్ అంటూ టీవీల్లో ఊదరగొట్టేవాళ్లు ఆ ముందుమాట ఒకసారి చూడాలి. పైగా పక్కకు తీసిన శ్లోకాల్ని పారేయలేదు, పేజీల అడుగున, వెనక అనుబంధాల్లో ఉంచారు. వ్యాసుడు చెప్తుంటే వినాయకుడు రాశాడన్న కథ కావాలంటే ఆదిపర్వం అనుబంధంలో వెతుక్కోవాలి.