పైకి రాని చల్లనీరు

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. బెజవాడలో అందరం గట్ల గురించి మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాల్సిందే. కానీ ఆ వాన తెచ్చిన వాయుగుండానికి బలమిచ్చింది బంగాళాఖాతం. ఆ సముద్రం అంత వెచ్చగా ఎందుకుంటుందో కూడా మనకు తెలిసుండాలి.

సముద్రం పైన ఎంత వేడిగా ఉన్నా, వేయి మీటర్ల లోతున నీరు పది డిగ్రీల లోపే ఉంటుంది. లోపలి చల్లదనాన్ని పైకి తెచ్చేది ముఖ్యంగా గాలి. జూన్ నుంచి నైరుతి గాలులు సోమాలియా తీరం వెంబడి జోరుగా వీస్తాయి. భూమి తిరుగుతుండడం వల్ల, ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పైనీరు గాలికి కుడివైపుకు జరుగుతుంది. అక్కడ కుడివైపంటే నడిసముద్రమే. అలా తీరం దగ్గర తరిగిన నీటి చోటులోకి కిందినుంచి చల్లనీరు ఉబికి వస్తుంది. భూమధ్యరేఖకు అంత దగ్గర్లో, కొన్నిచోట్ల నీరు 20 డిగ్రీలకు పడిపోతుంది. దాంతోపాటే నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పైకొస్తాయి. వాటితో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు), ప్లవకాలతో చేపలు పెరుగుతాయి.

మన కోస్తా వెంబడీ అదే గాలి వీస్తుంది. లెక్కప్రకారం ఇక్కడా చల్లనీరు దండిగా రావాలి. విశాఖ దగ్గర కొంత వస్తుంది కూడా. అంతకుమించి రాకుండా అడ్డుపడేవి నదులు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, హంసలదీవి దగ్గర మన కృష్ణ, అన్నీ మంచినీటిని తెచ్చి ఇక్కడే పోస్తాయి. ఉప్పునీటికన్నా తేలికైన ఆ నీరు పాల మీద మీగడలా పైనే ఉండిపోతుంది. సముద్రం మీద కురిసే వాన దానికి తోడు. ఆ పొరను కిందినీటితో కలపడం గాలికి చాలా కష్టం. అందుకే వానాకాలంలోనూ బంగాళాఖాతం చాలావరకు 28 డిగ్రీలకు తగ్గదు. ఎత్తైన మేఘాలు లేవడానికి ఇంచుమించు అంత వేడి కావాలి. అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి పుడతాయి, ఆ వానే నదుల్లో పడి మళ్లీ సముద్రానికి చేరుతుంది. బ్యారేజీ గేట్లెత్తితే నీళ్లు వృథాగా సముద్రంలో పోతున్నాయంటాం. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

దీనికి ఇంకో వైపుంది. తుపాను తన గాలితోనే సముద్రాన్ని చిలికి చల్లనీటిని పైకి తెచ్చుకుని, దానివల్లే కొంత బలం కోల్పోతుంది. వానాకాలం ముగిశాక మంచినీటి పొర మందంగా ఉన్నచోట ఆ చిలకడం సరిగా సాగదు, తుపానుకు వేడి అందుతూనే ఉంటుంది. మన కోస్తాకు అక్టోబరు, నవంబరు నెలలంటే టెన్షన్. దివిసీమ ఉప్పెన కూడా 1977 నవంబరు 19నే.

ఇక పెరూ తీరంలో చల్లనీరు పైకి రావడం తగ్గి, పసిఫిక్ తూర్పున నీరు వేడెక్కితే అది ఎల్‌నినో. అది వచ్చిన ఏడాది మన వానలు తగ్గే అవకాశం ఎక్కువ. మన వానల గుట్టు కోసం, 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచమంతటి పీడనాల లెక్కలు తిరగేశారు. పసిఫిక్‌కీ హిందూ మహాసముద్రానికీ మధ్య పీడనం ఊగిసలాడుతుందని పట్టుకున్నారు. దాన్ని సముద్రపు వేడితో ముడిపెట్టి వివరించింది 1969లో వాతావరణ శాస్త్రవేత్త జాకబ్ బ్యెర్క్‌నెస్. 1997 లాంటి ఎల్‌నినో ఏడాదిలోనూ దేశంలో వానలు బాగానే పడ్డాయి. కానీ ఎల్‌నినో వచ్చిన 2023లో ఆగస్టు, 1901 నుంచి ఉన్న రికార్డుల్లో దేశానికి అతి తక్కువ వాన కురిసిన ఆగస్టు. సాగర్ కుడికాలువ కింద మిర్చి వేసే గుంటూరు రైతుకు పెరూ అంత దూరమేమీ కాదు.

ఇప్పుడు ఆర్గో అనే తేలియాడే యంత్రాలు రెండు వేల మీటర్ల లోతుకు దిగి, దాదాపు పదిరోజులకోసారి పైకొచ్చి నీటి వేడినీ ఉప్పదనాన్నీ ఉపగ్రహాలకు పంపుతున్నాయి. మన వైపు ఆ పని చూసేది హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్. బంగాళాఖాతంలో వేడి ఎంతో ఒక్కటే తెలిస్తే చాలదు. పైన మంచినీటి పొర ఎంత మందాన ఉందో కూడా తెలిస్తేనే రాబోయే తుపాను ఎంత బలపడుతుందో మెరుగ్గా అంచనా వేయగలం.