ఇంగ్లండ్ పల్లెలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్: అద్దెకు వెతికేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

కేంబ్రిడ్జ్‌కి దక్షిణాన ఉన్న ఊళ్లలో ఇళ్లు అద్దెకిప్పించే ఏజెన్సీలో పనిచేస్తున్నాను. సాస్టన్, డక్స్‌ఫర్డ్, విటిల్స్‌ఫర్డ్, లింటన్, గ్రేట్ ఆబింగ్టన్ నేను తిరిగే ఊళ్లు. హింక్స్‌టన్‌లో జీనోమ్ క్యాంపస్, ఆబింగ్టన్ దగ్గర గ్రాంటా పార్క్ అనే పరిశోధన కేంద్రాలు, ఇంకాస్త ముందుకెళ్తే ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి ఉన్నాయి కాబట్టి తెలుగువాళ్ల ఫోన్లు బాగానే వస్తాయి. నా పేరు వినగానే "అక్కా, మీరు మనవాళ్లేనా?" అని మొదలవుతుంది. ఆ తర్వాత ఏమడుగుతారో నాకు దాదాపు తెలిసిపోతుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇల్లు వెతుక్కున్న అనుభవాన్ని సూట్‌కేసుతో పాటే తెచ్చుకుంటారు. దాంతో భయపడనక్కర్లేని చోట భయపడతారు, చూడాల్సిన చోట చూడరు.

ఇదంతా ఇంగ్లండ్ సంగతే. స్కాట్లండ్, వేల్స్‌లలో అద్దె చట్టాలు వేరు.

అపోహ: పల్లెటూరు కదా, అద్దె చవగ్గా ఉంటుంది.

ఊరిని బట్టి కాదు, రైలును బట్టి చూడండి. విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వే స్టేషన్ నుంచి అటు కేంబ్రిడ్జ్‌కి, ఇటు లండన్ లివర్‌పూల్ స్ట్రీట్‌కి నేరుగా రైళ్లున్నాయి. అలాంటి చోట పల్లె అన్న మాట వల్ల అద్దె ఏమీ దిగిరాదు. స్టేషన్‌కి దూరంగా వెళ్తే తగ్గుతుంది కానీ, తగ్గిన డబ్బు కారుకు పోతుంది. ఇండియా లైసెన్స్‌తో ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలే నడపగలరు. ఆ లోపు ఇక్కడి టెస్ట్ పాసవ్వాలి.

నేను ఎక్కువగా చూసే ఇబ్బంది వేరే ఉంది. ఇద్దరిలో ఒకరు కారేసుకుని ఆఫీసుకు పోతారు. రెండోవాళ్లు డ్రైవింగ్ రాక పగలంతా ఇంట్లో ఉండిపోతారు. పల్లె అంటే మన పల్లె గుర్తొస్తుంది, గుమ్మం దాటితే కొట్టు, పలకరించే మనిషి. ఇక్కడ కొన్ని ఊళ్లలో పబ్ ఉంటుంది, చర్చి ఉంటుంది, పాల ప్యాకెట్ దొరకదు. అందుకే ఫ్లాట్ చూడటానికి ఇద్దరూ రండి. వీలైతే బస్సులో రండి. ఆఖరి బస్సు ఎన్నింటికి, ఆదివారం అసలు ఉందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది.

అపోహ: టూ బెడ్ అంటే మన టూ బీహెచ్‌కే.

రెండో బెడ్‌రూమ్‌లో మంచం పడుతుందో లేదో టేపుతో కొలవండి. ఇక్కడి డబుల్ మంచం పరుపు 135 సెంటీమీటర్ల వెడల్పు, 190 పొడవు. అది పట్టాక బీరువా తలుపు తెరుచుకోవాలి కదా. ఫోటోల్లో ప్రతి గదీ పెద్దదే.

అపోహ: ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి ఆరు నెలల అద్దె ముందే కట్టాలి.

మొన్నమొన్నటి దాకా ఇది సగం నిజం. కొత్తగా దిగినవాళ్లు చాలామంది అలాగే కట్టారు, నేనే కట్టించాను. 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ దాన్ని మార్చేసింది. 2026 మే 1 నుంచి ఒక నెలకు మించి అద్దె ముందుగా అడగకూడదు. అగ్రిమెంట్ మీద సంతకాలు కాకముందు ఆ నెల అద్దె కూడా తీసుకోకూడదు. "మేమే ఇష్టపడి ఇస్తున్నాం" అన్నా కుదరదు. ప్రకటనలో వేసిన అద్దె కంటే ఎక్కువ తీసుకోవడమూ నిషిద్ధమే. కాబట్టి "నెలకి యాభై పౌండ్లు ఎక్కువిస్తాం, మాకే ఇప్పించండక్కా" అని నన్ను మొహమాటపెట్టకండి.

మరి ఓనరు దేన్ని చూసి నమ్మాలి? చాలా ఏజెన్సీలు నెల అద్దెకు 30 రెట్లు ఏడాది జీతం ఉండాలంటాయి. అంటే 1,200 పౌండ్ల అద్దెకు 36,000 జీతం. ఆఫర్ లెటర్, కాంట్రాక్టు చాలాసార్లు సరిపోతాయి. లేదంటే గ్యారంటర్‌ని అడగొచ్చు, దానికి అడ్డు లేదు.

డిపాజిట్ లెక్క కూడా చెప్పేస్తాను, చాలామంది ఇక్కడే తికమక పడతారు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు. నెలకు 1,200 అంటే ఏడాదికి 14,400. దాన్ని 52తో భాగిస్తే వారానికి 276 పౌండ్ల 92 పెన్నీలు. ఐదు వారాలకు 1,384 పౌండ్ల 61 పెన్నీలు, అంతే. ఫ్లాట్ మీ కోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె దాటకూడదు. ఓనరు మనసు మార్చుకుంటే అది తిరిగి రావాలి. మీరు మనసు మార్చుకున్నా, తప్పుడు వివరాలిచ్చినా పోతుంది. ఇంకో చిన్న కిటుకు: వారానికి 300 అని రాసుంటే నాలుగుతో గుణించి 1,200 అనుకోకండి. నెలకు 1,300 అవుతుంది.

బ్రోకరేజీ లేదు. అగ్రిమెంట్ ఛార్జీలు, రిఫరెన్స్ ఛార్జీలు 2019 జూన్ 1 నుంచి చట్టవిరుద్ధం. మా జీతాలు ఓనరు ఇస్తాడు. ఆ సంగతి మీరూ గుర్తుంచుకోవాలి, నేను ఎంత మనవాళ్లైనా పనిచేసేది ఓనరు తరఫునే.

ఫ్లాట్ చూడకుండా, వీడియో కాల్ కూడా లేకుండా, "నేను ప్రస్తుతం విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అన్నవాడికి ఒక్క పెన్నీ పంపకండి. మీరు చూడని ఇంటి తాళం వాడి దగ్గరా ఉండదు.

అపోహ: పన్నెండు నెలలకు సంతకం పెడితే ఇరుక్కుపోయినట్టే.

పైన చెప్పిన రెంటర్స్ రైట్స్ యాక్టే నిర్ణీత గడువు అద్దెలను తీసేసింది. రెండు నెలల నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు. ఓనరు మాత్రం కారణం లేకుండా ఖాళీ చేయమనలేడు. అమ్ముకోవాలన్నా, తనే వచ్చి ఉండాలన్నా మొదటి 12 నెలల్లో కుదరదు, ఆ తర్వాతైనా నాలుగు నెలల నోటీసివ్వాలి. అద్దె పెంపు ఏడాదికి ఒక్కసారే, అదీ రెండు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పి.

అపోహ: అద్దె, మెయింటెనెన్స్ కడితే అయిపోయింది.

ఇక్కడ తిరగబడి ఉంటుంది. బిల్డింగ్ మెయింటెనెన్స్ సాధారణంగా ఓనరు కడతాడు. మన దగ్గర ఇంటి పన్ను ఓనరుది, ఇక్కడ కౌన్సిల్ ట్యాక్స్ అద్దెకున్నవాళ్లది. ఇంటికి ఎ నుంచి హెచ్ వరకు బ్యాండ్ ఉంటుంది, దాన్ని 1991 ఏప్రిల్ నాటి విలువను బట్టి వేశారు. కొత్తగా కట్టిన ఫ్లాట్‌కి కూడా అప్పుడు ఉండి ఉంటే ఎంత పలికేదో లెక్కగట్టి వేస్తారు. ఇంట్లో 18 ఏళ్లు దాటినవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు ఉంది, కానీ అడిగితేనే ఇస్తారు. పోస్ట్‌కోడ్ కొట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బ్యాండ్ చూసుకున్నాకే బడ్జెట్ వేసుకోండి.

అసలు దెబ్బ హీటింగ్ దగ్గర. చాలా పల్లెలకు గ్యాస్ లైను లేదు. ఇళ్లయితే ఆయిల్ ట్యాంకు, ఫ్లాట్లయితే ఎక్కువగా కరెంటు స్టోరేజ్ హీటర్లు. ఒక జనవరిలో విజయవాడ జంట ఫోన్ చేసి, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయని, అయినా ఇల్లు వెచ్చబడటం లేదని ఏడ్చినంత పనిచేశారు. వెళ్లి చూశాను. హాల్లో గోడకి తెల్లటి పెద్ద పెట్టె. చెయ్యి పెడితే చల్లగా, బండరాయిలా ఉంది. పక్కనే ఫ్యాన్ హీటర్ రొద చేస్తూ తిరుగుతోంది. "రాత్రి ఏం చేస్తారు?" అనడిగాను. "పడుకునే ముందు గోడ మీద స్విచ్‌లన్నీ ఆపేస్తామండీ, జాగ్రత్తగా ఉంటాం" అంది ఆ అమ్మాయి.

అక్కడే ఉంది తిరకాసు. స్టోరేజ్ హీటర్ లోపల ఇటుకలుంటాయి. రాత్రి ఏడు గంటల పాటు కరెంటు చవగ్గా ఉండే టారిఫ్‌లో అవి వేడెక్కి, పగలంతా ఆ వేడిని మెల్లగా వదులుతాయి. మన పెద్దవాళ్లు నేర్పిన మంచి అలవాటు ఆ ఏడు గంటలూ హీటర్‌ని చంపేసింది. పగలేమో ఖరీదైన రేటులో ఫ్యాన్ హీటర్ నడిచింది. పెట్టె పైన తిప్పే నాబ్‌లు రెండుంటాయి: ఇన్‌పుట్ అంటే రాత్రి ఎంత దాచుకోవాలి, అవుట్‌పుట్ అంటే ఎంత వదలాలి. పడుకునే ముందు అవుట్‌పుట్ తగ్గించాలి, స్విచ్ మాత్రం ముట్టుకోకూడదు. ఆ జంటకి ఇది చేరిన రోజే చెప్పాల్సింది మేము. చెప్పలేదు. అప్పటి నుంచి తాళాలిచ్చేటప్పుడు హీటర్ దగ్గర నిలబెట్టి చూపిస్తున్నాను.

ఫ్లాట్ చూసేటప్పుడు ఈపీసీ సర్టిఫికెట్ అడగండి, ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో గ్రేడు వేసి చెప్పే పత్రం అది. మినహాయింపు లేకపోతే కనీసం ఇ గ్రేడు ఉండాలి. గ్రేడ్ టూ లిస్టెడ్, అంటే చట్టం కాపాడే పాత బిల్డింగ్ అయితే కిటికీలకు ఒక్క అద్దమే ఉండే అవకాశం ఎక్కువ, అనుమతి లేకుండా ఓనరు కూడా మార్చలేడు. దూలాలు, రాతి గోడలు చూసి మురిసిపోయే ముందు కిటికీ అద్దానికి చెయ్యి ఆనించి చూడండి.

అపోహ: సౌత్ ఫేసింగ్ వద్దు.

వాస్తును వెక్కిరించను, మా ఇంట్లోనూ నమ్ముతాం. కానీ ప్రకటనలో సౌత్ ఫేసింగ్ అని రాస్తే అది సాధారణంగా హాలు కిటికీల గురించో బాల్కనీ గురించో. సింహద్వారం గురించి కాదు. ఆ మాట చదివి మనవాళ్లు పేజీ తిప్పేస్తారు, ఇంగ్లీషువాళ్లు పరిగెత్తుకొస్తారు. ఎందుకంటే మనం ఉన్నది 52 డిగ్రీల ఉత్తరాన. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 15 డిగ్రీల ఎత్తుకు లేవడు, నాలుగింటికల్లా చీకటి. ఆ కాస్త ఎండ దక్షిణం నుంచే వస్తుంది. ఉత్తరం కిటికీల ఫ్లాట్ చలికాలమంతా ఎండ మొహం చూడదు. బట్టలు ఆరవు, మూలల్లో నల్లటి బూజు పడుతుంది.

బూజు అన్నాను కాబట్టి: కిటికీ ఫ్రేమ్ పైన సన్నటి చీలికలు ఉంటాయి, గాలి ఆడటానికి. చలిగాలి వస్తోందని వాటికి టేపు అంటించేవాళ్లని ఎంతమందిని చూశానో. మూడు విజిళ్ల కుక్కరు, రేడియేటర్ మీద తడి బట్టలు, పైన టేపు. ఆ ఆవిరి ఎక్కడికి పోతుంది? గోడకే.

అపోహ: మన వంట వాసనకి ఇల్లివ్వరు.

జాతి చూసి కాదనడం ఈక్వాలిటీ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. కెంట్‌లో వందల ఇళ్లున్న ఒక ఓనరు, కూరల వాసన పేరు చెప్పి భారత, పాకిస్తాన్ వాళ్లకి ఇవ్వొద్దని ఏజెంట్లకు రాస్తే, 2017లో కోర్టు అది కుదరదని తేల్చింది. అయితే వాసన, జిడ్డు వదిలించే ఖర్చు డిపాజిట్‌లోంచి అడగొచ్చు. పొయ్యి మీది హుడ్ గాలిని బయటికి పంపుతోందా, ఫిల్టర్‌లోంచి మళ్లీ గదిలోకే వదులుతోందా చూసుకోండి. ఫ్లాట్లలో రెండో రకం ఎక్కువ. పోపు పెడితే స్మోక్ అలారం మోగడానికి కారణం అదే. అలారానికి కవరు మాత్రం కట్టకండి.

అపోహ: ముగ్గురు స్నేహితులం ఉంటాం, అగ్రిమెంట్ ఒకరి పేరు మీద చాలు.

కుటుంబం కాని ముగ్గురు ఒకే వంటగది వాడుకుంటే అది చట్టం దృష్టిలో హెచ్‌ఎంఓ, అంటే ఒకటికి మించిన కుటుంబాలు పంచుకునే ఇల్లు. ఓనరుకు వేరే నిబంధనలు, కొన్ని కౌన్సిళ్లలో లైసెన్స్ కూడా. పైగా అక్కడే నివాసముండే, 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ రైట్ టు రెంట్ తనిఖీ, అంటే ఇక్కడ అద్దెకుండే హక్కు ఉందో లేదో వీసా వగైరా చూడటం, తప్పదు. దాచకండి. విజిటర్ వీసా మీద కొన్నాళ్లు ఉండటానికొచ్చే అమ్మానాన్నలు అతిథులే, వాళ్లకి ఆ తనిఖీ అక్కర్లేదు.

అపోహ: డిపాజిట్ ఎలాగూ తిరిగి రాదు.

తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన మూడు స్కీముల్లో ఒకదాంట్లో ఓనరు దాన్ని పెట్టాలి. పెట్టకపోతే కోర్టు డిపాజిట్‌కి మూడు రెట్ల వరకు జరిమానా వేయగలదు. గొడవొస్తే స్కీమువాళ్లు ఉచితంగా తేలుస్తారు, నష్టం జరిగిందని చూపించాల్సిన బాధ్యత ఓనరుదే. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు కోయకూడదు.

మనవాళ్లకి కోత పడేది మూడు చోట్ల: క్రీమ్ కార్పెట్ మీద కుంకుమ, తెల్లటి కౌంటర్ మీద పసుపు, పాలు పొంగించిన పొయ్యి. మూడోది చేరిన మొదటి రోజే జరుగుతుంది. ఇక్కడి పొయ్యి చదునైన గాజు పలక. తీపి పాలు దాని మీద పొంగి మాడితే తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత గీకినా పోదు. పాలు పొంగించండి, శుభం. పొంగేవరకు కాచి, సరిగ్గా ఆ క్షణానికి గిన్నెని పక్కనున్న పళ్లెంలోకి ఎత్తండి. అందులోకి ఒలుకుతాయి. మా వదిన చెప్పిన ఉపాయం ఇది, ఒక్క గాజు పొయ్యి కూడా పోలేదు.

ఇన్వెంటరీ అని ఫోటోలతో ఓ పుస్తకమంత పత్రం పంపుతారు. సంతకం పెట్టేముందు గది గదికీ దాన్ని పట్టుకుని తిరగండి. ముందే ఉన్న మరకని ఫోటో తీసి ఈమెయిల్ చేయండి, వాట్సాప్‌లో కాదు.

అపోహ: పల్లె కాబట్టి నిశ్శబ్దం.

చర్చి గంటల సాధన వారంలో ఒక సాయంత్రం గంటన్నర సాగొచ్చు. ఆగస్టులో కోతలప్పుడు వాన ముంచుకొస్తుంటే అర్ధరాత్రి దాకా యంత్రాలు తిరుగుతాయి. గాలి అటు నుంచి వీస్తే ఎం11 మోటర్‌వే హోరు. డక్స్‌ఫర్డ్‌లో విమానాల మ్యూజియం ఉంది, ఎయిర్ షో రోజుల్లో రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పిట్‌ఫైర్లు ఇంటి కప్పు మీదుగా వెళ్తాయి. ఓసారి అక్కడ ఫ్లాట్ చూపిస్తుంటే "ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంటుంది" అని నేననడం, కిటికీ అద్దాలు గడగడలాడటం ఒకేసారి అయ్యాయి. చూడ్డానికొచ్చినావిడ చంకలో ఐదేళ్ల బాబు. వాడు కిందికి దూకి బాల్కనీలోకి పరిగెత్తి, "అమ్మా, ఈ ఇల్లే!" అన్నాడు. ఆవిడ నన్ను అద్దె గురించి ఇంకేమీ అడగలేదు.