డబ్బాలో గోదావరి

ధర్మపురిలో గోదావరి స్నానానికి దిగిన ప్రతిసారీ నేను చేసే పని ఒకటే. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కాళ్ళ కింద తగిలే రాళ్ళు ఏరుకుంటాను. తేనె రంగుది ఒకటి, ఎర్రటి ఒంటి మీద తెల్ల చారలున్నది ఒకటి, పాలలో పొగ కలిపినట్టుండేది ఇంకొకటి. జేబులు వేలాడేలా నింపుకుని ఇంటికొచ్చి గుమ్మరిస్తే మాత్రం అన్నీ ఒకటే బూడిద రంగు, నదిలో చూసింది వీటినేనా అనిపిస్తుంది. చిన్నప్పుడైతే గోదారమ్మ రంగులు వెనక్కి తీసేసుకుందని అనుకునేవాణ్ణి.

రంగు ఎక్కడికీ పోలేదు, రాయిలోనే ఉంది. రాయి పైపొర గరుకుగా ఉంటుంది కాబట్టి పడ్డ వెలుతురులో కొంత అక్కడే తలా ఒక దిక్కుకి చెదిరిపోతుంది. ఆ చెదిరిన తెల్లటి వెలుగు పల్చటి ముసుగులా పరుచుకుని లోపలి నుంచి వచ్చే రంగుని కప్పేస్తుంది. తడిస్తే ఆ గుంటల్లో నీళ్ళు నిండుతాయి. వెలుతురు విషయంలో రాయికీ గాలికీ ఉన్నంత తేడా రాయికీ నీటికీ ఉండదు, అందుకని చెదరడం బాగా తగ్గుతుంది, పైన నీటి పొర ఎలాగూ నున్నగానే ఉంటుంది. ముసుగు తొలగిపోయి రంగు బయటపడుతుంది. అంటే పాలిష్ పట్టిన రాయి ఎప్పటికీ ఆరని తడి రాయి లాంటిది. ఆ తడిని నిలబెట్టడానికే నేను మూడేళ్ళ కింద ఒక టంబ్లర్ కొన్నాను, అంటే రాళ్ళని తిప్పితిప్పి మెరుగు పెట్టే మిషన్.

చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ఒక చిన్న మోటారు, పక్కపక్కనే రెండు కడ్డీలు, వాటి మీద అడ్డంగా పడుకోబెట్టిన రబ్బరు డబ్బా. డబ్బాలో మూడింట రెండు వంతులకి కొంచెం పైగా రాళ్ళు, నాలుగు చెంచాల గరుకు పొడి, రాళ్ళు మునిగీ మునగనట్టు నీళ్ళు. మూత బిగించి స్విచ్ వేస్తే వారం రోజులు పగలూ రాత్రీ గరగరమంటూ తిరుగుతుంది. రెండో రోజే కింది ఇంటి ఆంటీ పైకొచ్చి, "బాబూ, రాత్రంతా ఏం రుబ్బుతున్నరు, ఏమన్న ఫంక్షన్ ఉందా?" అని అడిగారు. మా అమ్మ ఇంకో రెండు ఆకులు ఎక్కువే చదివింది. "పిండి రుబ్బుమంటె ఇనవు గని రాళ్ళు రుబ్బుతున్నవా? రోలు నున్నగైతే పైసలిచ్చి గంట్లు కొట్టిచ్చుకుంటం మేము, నువ్వేమో పైసలు వెట్టి నున్నగ చేస్తున్నవ్."

అమ్మ మాటలో పెద్ద విషయమే ఉంది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

డబ్బా తిరుగుతుంటే రాళ్ళు గోడతో పాటు ఒక పక్కకి ఎక్కి, పైన ఉన్నవి మట్టిపెళ్ళ జారినట్టు కిందికి జారుతుంటాయి. పనంతా ఆ జారే పై పొరలోనే జరుగుతుంది. రాయికీ రాయికీ మధ్య చిక్కుకున్న పొడి రేణువు దొర్లుతూ రెండింటి మీదా సన్నటి గుంటలు పెడుతుంది. డబ్బా మరీ నిండితే రాళ్ళు కదలవు, సగం ఖాళీగా ఉంటే జారడం మానేసి ఎగిరి పడి పగుళ్ళిస్తాయి. వేగం పెంచితే పని తొందరగా అవుతుంది కదా అని నేనూ అనుకున్నాను, కానీ లోపల 11 సెంటీమీటర్ల వెడల్పున్న డబ్బా నిమిషానికి దాదాపు 127 చుట్లు దాటిందంటే రాళ్ళు గోడకి అతుక్కుని దాంతో పాటే తిరుగుతాయి, ఒకదానికొకటి రాసుకోవు. బకెట్లో నీళ్ళు పోసి గిర్రున తిప్పితే ఒలకనట్టే ఇదీ. అందుకే ఇళ్ళలో వాడే మిషన్లు అందులో సగానికి మించకుండా నింపాదిగా తిరుగుతాయి.

ఆ గరుకు పొడి సిలికాన్ కార్బైడ్. అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1890ల మొదట్లో కృత్రిమ వజ్రాలు చేద్దామని మట్టినీ బొగ్గునీ కలిపి కరెంటుతో కాలుస్తుంటే వజ్రం రాలేదు గానీ ఇది వచ్చింది. కత్తులు నూరే రాళ్ళలో, గరుకు కాగితాల్లో కూడా దీన్ని వాడతారు. ఫ్రెడరిక్ మోస్ 1812లో ఖనిజాలకి ఒకటి నుంచి పది దాకా గట్టిదనం అంకెలు వేశాడు, ఏది దేన్ని గీస్తుందన్న ఒక్క ప్రశ్న మీదే. వజ్రం 10, పలుగురాయి 7, సున్నపురాయి 3. సిలికాన్ కార్బైడ్ తొమ్మిది దాటుతుంది కాబట్టి పలుగురాయిని సులువుగా కోసేస్తుంది.

ఈ అంకెలు చదువుకోకుండా మొదటి విడతలో నేను గోదావరి రాళ్ళతో పాటు, ఇంట్లో ఫ్లోరింగ్‌కి వేయగా మిగిలిన తాండూరు బండ ముక్కలు నాలుగు వేశాను. నీలం రంగు బాగుంటుంది కదా అని. వారం తరవాత మూత తీస్తే లోపల బూడిద రంగు జావ. చెయ్యి పెట్టి వెదికితే నదిరాళ్ళు అన్నీ ఉన్నాయి, తాండూరు ముక్కలు శనగగింజలంత అయ్యి రెండే దొరికాయి, మిగతా రెండూ ఆ జావలోనే ఉన్నాయి. తాండూరు బండ సున్నపురాయి కదా, అంకె మూడు! ఏడు అంకె ఉన్నవాటితో కలిపి వారం తిప్పితే ఏం మిగులుతుంది? అప్పటి నుంచి ఏ రాయినైనా ముందు ఉక్కు మేకుతో గీసి చూస్తాను, గీత పడితే పక్కన పెట్టేస్తాను. హైదరాబాద్‌లో ఎటు చూసినా కనిపించే గ్రానైట్ కూడా టంబ్లర్‌కి పనికిరాదు, ఎందుకంటే అది ఒక రాయి కాదు, మూడు నాలుగు ఖనిజాల కలగలుపు. అందులో అభ్రకం మెత్తన, అది ముందే లేచిపోయి రాయి నిండా స్ఫోటకపు మచ్చల్లాంటి గుంటలు మిగులుతాయి.

అన్నిటికంటే బాగా వచ్చేవి పలుగురాయి జాతివే అయిన అగేట్లు, జాస్పర్లు. మన రంగురాళ్ళ కొట్లలో అగేటుని హకీక్ అంటారు. దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద దక్కను పీఠభూమి మీద లావా పరుచుకున్నప్పుడు అందులో గాలి బుడగలు అలాగే చిక్కుకుపోయాయి. తరవాతెప్పుడో ఆ బుడగల్లోకి సిలికా, అంటే పలుగురాయిలో ఉండే పదార్థమే, కరిగిన నీళ్ళు ఊరి, పొర మీద పొరగా పేరుకుని అగేట్లయ్యాయి. చుట్టూ ఉన్న నల్లరాయి ఎండకీ వానకీ చివికి మట్టయిపోతుంది, అగేటు చివకదు. గోదావరి, కృష్ణ మహారాష్ట్ర వైపు ఆ లావా నేల మీదుగానే వస్తాయి కాబట్టి దొర్లించుకుంటూ మన దాకా తెచ్చిపెడతాయి.

మొదటి వారం 60 నంబరు పొడి, ఒక్కో రేణువు పావు మిల్లీమీటరు ఉంటుంది. నంబరంటే జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నాలుంటే ఆ పొడి జారుతుందన్న లెక్క. రెండో వారం 120 నుంచి 220, మూడో వారం 500, చివర్లో పాలిష్ పొడి. ప్రతి దశా ముందరి దశ చేసిన గీతల్ని అంతకంటే సన్నటి గీతలతో చెరిపేస్తుంది. ఈ లెక్కన గీత వెలుతురు తరంగం కంటే, అంటే మిల్లీమీటరులో సుమారు రెండువేలో వంతు కంటే, బాగా చిన్నదయ్యేసరికి వెలుతురు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. రాయి మెరుస్తుంది.

చెప్పినంత తేలిక కాదు. అసలు ఈ హాబీలో కష్టం తిప్పడంలో లేదు, కడగడంలో ఉంది. రెండో విడతలో చివరి దశ దాకా వచ్చి, పాలిష్ పొడి వేసి, వారం తరవాత తీస్తే ప్రతి రాయి మీదా జుట్టు పోగుల్లాంటి గీతలు. ఎక్కడ తప్పు చేశానో అర్థం కాక డబ్బాని టార్చి వెలుగులో తిప్పితిప్పి చూస్తే, మూత అంచున రబ్బరు మడతలో నల్లటి రేణువులు పది పన్నెండు దాక్కుని ఉన్నాయి. మొదటి వారం పొడి అది! ఆ పదిపన్నెండు గింజలు నెల రోజుల పనిని నాశనం చేశాయి. ఇప్పుడు పాలిష్‌కి వేరే డబ్బా ఉంది, దశ మారినప్పుడల్లా పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రాయినీ విడిగా తోముతాను, మధ్యలో బట్టల సబ్బు తురిమి వేసి ఒక పూట ఉత్తినే తిప్పుతాను.

గోదావరి లక్షల ఏళ్ళుగా రాళ్ళు దొర్లిస్తోంది కదా, మరి దానికి మెరిసే రాయి ఎందుకు రాలేదన్న సందేహానికి జవాబు నాకు ఆ రబ్బరు మడతలో దొరికింది. నది పొడి మార్చదు. గులకా, గరుకు ఇసుకా, సన్న ఇసుకా, బురదా అన్నీ కలిపే తిప్పుతుంది. సన్నటిది నునుపు చేసిన చోటే గరుకుది మళ్ళీ గీరుతుంది. అందుకే నదిరాయి గుండ్రంగా ఉంటుంది గానీ మెరవదు, ఎప్పటికీ మొదటి వారంలోనే ఉండిపోతుంది. దీనికి సరిగ్గా ఉల్టా మా అమ్మ రోలు. అక్కడ రాపిడికి గరుకు పొడంటూ లేదు, నానిన పప్పూ బియ్యమే ఉన్నాయి, ఏళ్ళ తరబడి ఆ మెత్తటి రాపిడికి గంట్లు అరిగి పొత్రం నున్నబడిపోతుంది. పాదాలకి అరిగిన గుడి గడపలూ అంతే.

గుండ్రంగా అవడం మాత్రం నదికి బాగా తెలుసు. హంగరీ గణితవేత్త గాబోర్ డొమొకోష్, ఆయన తోటివాళ్ళు 2014లో చూపించినదేమిటంటే, రాయి ముందు మూలలు పోగొట్టుకుంటుంది, అప్పటిదాకా దాని కొలతలు పెద్దగా తగ్గవు, మూలలన్నీ అరిగాకే చిన్నదవడం మొదలవుతుంది. అంటే రాయి ఆకారం చూసి అదెంత అరిగిందో వెనక్కి లెక్కగట్టొచ్చు. 2012లో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద గుండ్రటి గులకరాళ్ళ ఫొటోలు పంపితే, ఇదే లెక్కతో 2015లో తేల్చారు, అవి దాదాపు ఐదో వంతు అరిగాయని, ఒకప్పటి నదిలో సుమారు 50 కిలోమీటర్లు దొర్లి ఉంటాయని. నీళ్ళు పోయి వందల కోట్ల ఏళ్ళయినా రాయి ఒంటి మీద ఆ దూరం ఉండిపోయింది.

ఇక చివరి దశ. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో విడ్డూరమంతా ఇక్కడే ఉంది. పాలిష్‌కి చాలామంది వాడే సీరియం ఆక్సైడ్ గట్టిదనం ఆరు దగ్గర ఉంటుంది, పలుగురాయిది ఏడు. మెత్తటిది గట్టిదాన్ని ఎలా నునుపు చేస్తుంది? గీయడం ఒక్కటే జరుగుతుంటే ఇది అసాధ్యం. న్యూటన్ కాలంలో పాలిష్ అంటే కంటికి కనపడనంత సన్నగా గీయడమే అనుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జార్జ్ బీల్బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కాదన్నాడు, రాపిడికి పైపొర కదిలి, పారి, గుంటల్లో సర్దుకుంటుందన్నాడు. అది అన్నిటికీ వర్తించదని తరవాత తేలింది, లోహాల మీద చాలావరకు గీయడమే జరుగుతుంది. సీరియం ఆక్సైడ్ మాత్రం ఇద్దరి దారీ కాకుండా కెమిస్ట్రీ దారి పట్టింది. నీళ్ళలో నానిన సిలికా పైపొర కాస్త మెత్తబడుతుంది, సీరియం రేణువు దానికి రసాయనికంగా అతుక్కుని అణువుల లెక్కన తెంపుకుని పోతుంది. చెక్కడం అనడం కంటే జిగురుతో లాగడం అనొచ్చు. అద్దాలకీ లెన్సులకీ మెరుగు పెట్టేదీ ఈ పొడే. సీరియం ఎక్కువగా దొరికే మోనజైట్ ఖనిజం మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలో కూడా ఉంది.

ఈ విద్య మనకి కొత్తేమీ కాదు. గుజరాత్‌లో ఖంభాత్ ఊరు ఎంతోకాలంగా అగేటు పూసలకి పేరు. అక్కడ పసుపుపచ్చ రాయిని మట్టికుండల్లో కాల్చి ఎర్రగా మారుస్తారు, లోపలున్న ఇనుము రూపం మారి ఆ ఎరుపు వస్తుంది. మోటార్లు రాకముందు పూసల్నీ రాతి పొడినీ నీళ్ళతో కలిపి తోలు సంచిలో కట్టి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆ మూటని రోజుల తరబడి అటూ ఇటూ దొర్లించేవాళ్ళు. అదే టంబ్లర్, కాకపోతే మోటారుకి బదులు మనుషులు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్‌లో శాతవాహనుల నాటి దిబ్బ తవ్వినప్పుడు ఇలాంటి రాతి పూసలు బోలెడు బయటపడ్డాయి. ఖంభాత్ గురించి చెప్పుకుంటూ ఇంకో మాట దాచకూడదు. అక్కడ పొడిగా రాయి అరగదీసే పనివాళ్ళకి ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వచ్చింది, అది నయం కాని జబ్బు. టంబ్లర్‌లో అంతా తడిగా జరుగుతుంది కాబట్టి ఆ భయం తక్కువ, కానీ ఆ బురదని ఎండనిచ్చి చీపురుతో ఊడ్చకండి, రాళ్ళని పొడిగా కోయకండి.

ఆ బురదని సింకులో కూడా పోయకండి. నేను పోశాను. వంపు పైపులో అడుగున పేరుకుని సిమెంటులా గట్టిపడింది, వచ్చిన ప్లంబర్ పైపు కోసి చూపించి "సార్, ఇంట్లో ఏమన్న కన్‌స్ట్రక్షన్ నడుస్తుందా?" అన్నాడు. ఇప్పుడు బకెట్లో తేరనిచ్చి, అడుగున మిగిలిన మడ్డిని కవర్లో కట్టి పడేస్తున్నాను. రెండు మూడు రోజులకోసారి మూత వదులు చేయడం కూడా అలవాటు చేసుకున్నాను, కొన్ని రాళ్ళతో లోపల గ్యాస్ చేరి డబ్బా ఉబ్బుతుంది.

మూడో విడత కుదిరింది. కిలోకి పైగా వేస్తే ముప్పావు కిలో మిగిలింది, మిగతాదంతా కవర్లోకి పోయింది. ఆదివారం పొద్దున తీసి పాత తువ్వాలు మీద ఆరబోశాను. అమ్మ వచ్చి ఏమీ అనకుండా తేనె రంగుదాన్ని ఒకటి తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి, "ఇంక తడే ఉంది గదరా, తుడువలేదా?" అంది. ఆరిందే అన్నాను. నమ్మలేదు. కొంగుతో రెండుసార్లు తుడిచింది, తరవాత గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసింది, తీసింది, మళ్ళీ వేసింది.