పక్క నుంచి చూసిన అసాసిన్: క్రానికల్స్‌కి సగటు మార్కులే ఎందుకు పడ్డాయి

2015 ఏప్రిల్ నుంచి 2016 ఫిబ్రవరి లోపు, పది నెలల్లో, గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ తన అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లో క్రానికల్స్ పేరుతో మూడు చిన్న వీడియో గేమ్‌లు విడుదల చేసింది: చైనా, ఇండియా, రష్యా. మూడూ సైడ్ స్క్రోలర్లే, అంటే పాత్ర పక్క నుంచి కనిపిస్తూ తెర మీద కుడికో ఎడమకో సాగే ఆటలు. మూడింటినీ తయారుచేసింది ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న క్లైమాక్స్ స్టూడియోస్. సమీక్షల మార్కులకి సగటు కట్టే వెబ్‌సైట్ మెటాక్రిటిక్ లెక్కలో గేమ్‌లకు 75, ఆపైన వస్తే పచ్చరంగు, 50 నుంచి 74 దాకా పసుపు, అంతకు తగ్గితే ఎరుపు. ఈ మూడూ పసుపులోనే ఆగిపోయాయి. చైనా 70కి దగ్గరగా వెళ్లింది, మిగతా రెండూ దానికన్నా కింద నిలిచాయి.

ఇష్టమొచ్చినట్టు తిరగగలిగే పెద్ద ఓపెన్ వరల్డ్ సిరీస్‌ని పక్కచూపు ఆటగా కుదించారు కాబట్టి విమర్శకులకు నచ్చలేదు అన్నది ఇప్పటికీ ఎక్కువగా వినిపించే వివరణ. అది సరికాదు. అప్పటి సమీక్షలు చదివితే పక్కచూపును తప్పుపట్టినవాళ్లు చాలా తక్కువ. చైనాలోని బొమ్మల తీరుని, గోడలెక్కి కప్పుల మీదుగా సాగే కదలికని దాదాపు అందరూ మెచ్చుకున్నారు. ఫిర్యాదులు వచ్చింది నియంత్రణల మీద, పోరాటం మీద, ఆటగాడికి మార్కులు వేసే పద్ధతి మీద. వాటికి కారణాలు ఈ మూడు గేమ్‌ల కన్నా ముందే మొదలయ్యాయి.

అసాసిన్స్ క్రీడ్‌కి పక్కచూపు కొత్త కాదు, దాని వంశమే అది. 1989లో జోర్డన్ మెక్నర్ చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా పూర్తిగా పక్క నుంచి కనిపించే ఆట. అడుగు లెక్క తప్పితే గొయ్యి, గెంతు ఒక క్షణం ఆలస్యమైతే ముళ్లు. 2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ ది సాండ్స్ ఆఫ్ టైమ్‌తో ఆ సిరీస్‌ని మూడు కొలతల్లో నిలబెట్టింది. దాని తరువాతి భాగంగా మొదలైన పని దారి మళ్లి, 2007లో అసాసిన్స్ క్రీడ్‌గా బయటకొచ్చింది. ఒక అసాసిన్ గోడ అంచు పట్టుకుని వేలాడే భంగిమలోనే ఆ పాత రాకుమారుడు కనిపిస్తాడు.

పక్కచూపుకి తిరిగి రావడమూ క్రానికల్స్‌తో మొదలవలేదు. 2009 నవంబరులో గ్రిప్టోనైట్ గేమ్స్ చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్ కోసం అసాసిన్స్ క్రీడ్ 2: డిస్కవరీ చేసింది. అసాసిన్స్ క్రీడ్ 2 నాయకుడు ఎజియో స్పెయిన్‌లో పరుగెత్తే సైడ్ స్క్రోలర్ అది. అంతకుముందు ఏడాది అదే డీఎస్ మీద మూడు కొలతల్లో వచ్చిన ఆల్తాయిర్స్ క్రానికల్స్ కన్నా దానికి మెరుగైన ఆదరణ దక్కింది. ఆ చిన్న యంత్రం మోయలేని నగరాన్ని మోయించాలని చూడకుండా, వేగం ఒక్కదాన్నే పట్టుకున్నారు. గాడ్ ఆఫ్ వార్ కూడా 2007లో బిట్రేయల్ పేరుతో మొబైల్ ఫోన్లకి పక్కచూపు ఆటగా వచ్చి మంచి మార్కులే తెచ్చుకుంది. ఆ రోజుల్లో సమీక్షకులు వీటిని వేరే తక్కెడలో తూచారు. ఈ యంత్రం మీద ఇంత చేశారా అన్నదే అప్పటి కొలమానం. టీవీకి తగిలించిన కన్సోల్ మీదికి వచ్చేసరికి ఆ రాయితీ పోయింది.

పోవడానికి పెద్ద కారణం 2012 సెప్టెంబరులో వచ్చిన మార్క్ ఆఫ్ ది నింజా. కెనడాలోని క్లే ఎంటర్‌టైన్‌మెంట్ చేసిన ఈ గేమ్ ఏ సిరీస్ నుంచీ పుట్టిన పక్క ఆట (స్పిన్-ఆఫ్) కాదు. కానీ పక్కచూపు స్టెల్త్, అంటే శత్రువుల కంట పడకుండా సాగే ఆట, ఎలా ఉండాలో అది తేల్చేసింది. మెటాక్రిటిక్‌లో 90 దగ్గర నిలిచింది. దాని పనితీరు కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే క్రానికల్స్‌ని విమర్శకులు ఆటకు ఆట దీనితోనే పోల్చారు.

పక్క నుంచి చూసే ఆటలో ఆటగాడికి గోడ అవతల ఉన్నదీ కనిపిస్తుంది, పై అంతస్తులో ఉన్నదీ కనిపిస్తుంది. స్టెల్త్‌కి ఇది చిక్కు. అన్నీ కనిపిస్తే భయం ఉండదు. క్లే దీనికి రెండు మార్గాలు కనిపెట్టింది. నింజా కంటికి ఆననిది తెర మీద మసకగా మారుతుంది, మూసిన తలుపు వెనక ఉన్న కాపలావాడు తలుపు తీసేదాకా స్పష్టంగా కనపడడు. రెండోది శబ్దం. పరుగెడితే అడుగుల చుట్టూ వలయం విస్తరిస్తుంది. ఆ వలయం అంచు కాపలావాడికి తగిలితే విన్నట్టు, తగలకపోతే విననట్టు. వెలుతురులోనూ అంతే. చీకట్లో నింజా నల్లటి ఆకారం, దీపం కిందికి వస్తే రంగులు తేలతాయి. మధ్యస్థ స్థితి లేదు. పొరపాటు జరిగితే ఎందుకు జరిగిందో ఆటగాడికి ఆ క్షణంలోనే అర్థమవుతుంది. పరికరం గురిపెట్టేటప్పుడు కాలం నిలిచిపోతుంది కాబట్టి వేళ్ల వేగం తక్కువైనా ఆలోచన ఉంటే చాలు.

2013లో రెండు పెద్ద సిరీస్‌లు పక్కచూపు స్పిన్-ఆఫ్‌లు తెచ్చాయి. మార్చిలో మెర్క్యురీస్టీమ్ చేసిన కాసిల్‌వేనియా: లార్డ్స్ ఆఫ్ షాడో – మిర్రర్ ఆఫ్ ఫేట్ నింటెండో చేతి యంత్రం త్రీడీఎస్ మీద వచ్చింది. అక్టోబరులో ఆర్మేచర్ స్టూడియో చేసిన బ్యాట్‌మన్: ఆర్ఖమ్ ఆరిజిన్స్ బ్లాక్‌గేట్ త్రీడీఎస్ మీద, సోనీ చేతి యంత్రం వీటా మీద వచ్చింది. రెండూ పసుపు గీత దాటలేదు. మిర్రర్ ఆఫ్ ఫేట్‌కి తగిలిన దెబ్బ సొంత ఇంటి నుంచే: సింఫనీ ఆఫ్ ది నైట్ లాంటి పాత కాసిల్‌వేనియాల్లో కోటంతా స్వేచ్ఛగా తిరగడం అలవాటైనవాళ్లకి, ముగ్గురు నాయకుల మధ్య ముక్కలుగా పంచిన తిన్నటి దారి రుచించలేదు.

బ్లాక్‌గేట్ సమస్య మరింత నేర్పేది. జైలు కారిడార్లు మలుపు దగ్గర కెమెరాతోపాటు లోపలికి తిరుగుతాయి. ఉత్తరంగా నడుస్తున్న బ్యాట్‌మన్ మూల దాటగానే తూర్పుకి నడుస్తాడు, కానీ తెర మీద ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే. ఇచ్చిన మ్యాప్ మాత్రం పైనుంచి చూసిన చదును బొమ్మ. తెర మీద కుడి అంటే మ్యాప్‌లో ఏ దిక్కో ఆటగాడు ప్రతి మలుపులోనూ మనసులో తిప్పుకోవాలి. వెనక్కి వెళ్లి పాత తలుపులు తెరవడమే ప్రాణమైన ఆటలో ఇది చిన్న లోపం కాదు. 2014 ఏప్రిల్‌లో పెద్ద కన్సోళ్లకి, పీసీకి వచ్చిన డీలక్స్ ఎడిషన్‌లో మ్యాప్‌ని మెరుగుపరిచారు. కానీ అప్పటికే మొదటి సమీక్షలు ముద్ర వేసేశాయి.

క్రానికల్స్ కథకి ఇంకో దురదృష్టం తోడైంది. చైనాని మొదట ప్రకటించింది అసాసిన్స్ క్రీడ్ యూనిటీ సీజన్ పాస్‌లో (అదనపు భాగాలన్నీ కలిపి ముందే కొనే పథకంలో) భాగంగా. 2014 నవంబరు 11న యూనిటీ సాంకేతిక లోపాలతో వచ్చింది. నెలాఖరుకి యూబీసాఫ్ట్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, సీజన్ పాస్ అమ్మకం ఆపి, డెడ్ కింగ్స్ అదనపు భాగాన్ని ఉచితంగా ఇస్తామంది. ఒక పెద్ద గేమ్‌కి కానుకగా రావాల్సిన చైనా, ఆ సిరీస్ మీద నమ్మకం సడలిన సమయంలో సొంత కాళ్ల మీద నిలబడాల్సి వచ్చింది. అమెరికాలో విడుదలనాటి ధర 9.99 డాలర్లు. మూడు గేమ్‌లుగా విస్తరిస్తామన్న ప్రకటన 2015 మార్చి చివర్లో వచ్చింది.

చైనా 2015 ఏప్రిల్ 21న విడుదలైంది. 1526, మింగ్ రాజవంశ కాలం. నాయిక షావో జున్, 2011 నాటి లఘు యానిమేషన్ ఎంబర్స్‌లో ముసలి ఎజియో దగ్గరికి సలహా కోసం వచ్చిన అమ్మాయి. ఆమె వేటాడేది ఎనిమిది పులులుగా పేరుపడ్డ నపుంసక అధికారుల ముఠాని. ఝాంగ్ యోంగ్ లాంటి వాళ్లు చరిత్రలో నిజంగా ఉన్నవాళ్లే. దాచిన కత్తి ఆమె బూటులో ఉంటుంది. సిరా కుంచెతో గీసినట్టుండే కొండలు, బూడిదరంగు మీద మెరిసే ఎరుపు. అన్‌రియల్ ఇంజిన్ 3 అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ మీద ఇంత పొదుపుగా ఇంత అందం తేవడం చిన్న పని కాదు. ఆ ప్రశంస క్లైమాక్స్ చిత్రకారులకి న్యాయంగానే దక్కింది.

చేతిలోకి తీసుకున్నాక పరిస్థితి ఇది. ప్రతి కాపలావాడి ముందు చూపు పరిధి త్రికోణంగా గీసి ఉంటుంది. ఈల వేస్తే వాడు నిలబడ్డచోటు వదిలి శబ్దం వైపు వస్తాడు, షావో జున్ స్తంభం చాటున నక్కి వాడు దాటాక ముందుకు కదలాలి. టపాకాయ విసిరితే కొద్ది క్షణాలు కళ్లు బైర్లు కమ్ముతాయి. తాడు కట్టిన బాణపు మొనతో దృశ్యం ముందు వరసలోంచి లోపలి వెనక వరసలోకి ఊగవచ్చు. ఇబ్బంది ఆ వరసల దగ్గరే. ఏ అంచు ముందు వరసది, ఏది వెనకది, ఏది ఉత్త అలంకారం అన్నది ఒక్కోసారి చూపుకి తేలదు. గెంతాలనుకున్న చోట పాత్ర అంచు పట్టుకుంటుంది, దిగాలనుకున్న చోట గెంతుతుంది. నెమ్మదిగా నడిచేటప్పుడు ఇది చిరాకు మాత్రమే. త్రికోణం తిరిగి వచ్చేలోపు దాటాల్సినప్పుడు ప్రాణం మీదికొస్తుంది. మార్క్ ఆఫ్ ది నింజాలో పొరపాటు తనదేనని ఆటగాడు ఒప్పుకుంటాడు. ఇక్కడ తప్పు తనదో బటన్‌దో తేలదు. సమీక్షల్లో నియంత్రణలు బిగుసుకుపోయాయన్న మాట వెనక ఉన్నది ఈ తేడానే.

పోరాటం కావాలనే బలహీనంగా పెట్టారు. ఒకేసారి ఇద్దరు ముగ్గురు మీద పడితే షావో జున్ నిలబడలేదు, కత్తి అడ్డుపెట్టడం కన్నా పారిపోవడమే మేలు. స్టెల్త్ ఆటకి ఇది సరైన నిర్ణయమే. పాడుచేసింది మార్కుల పద్ధతి. ప్రతి చిన్న విభాగం చివర ఆట మార్కులు వేస్తుంది. ఎవరి కంటా పడకుండా దాటితే ఎక్కువ, నిశ్శబ్దంగా చంపితే కొంచెం తక్కువ, కలబడితే అట్టడుగు. కూడిన మార్కులతోనే అదనపు ఆరోగ్యం, ఎక్కువ పరికరాలు వస్తాయి. అంటే బాగా ఆడగలిగేవాడికి సాయం దొరుకుతుంది, తడబడేవాడికి దొరకదు. పది డాలర్ల ఆట కొని మూడో అధ్యాయంలో ఇరుక్కున్నవాడికి పైకి వచ్చే దారి ఇరుకైపోతుంది. సమీక్షకులు కఠినత్వం అని రాసినదాంట్లో చాలా భాగం ఇదే.

2016 జనవరి 12న వచ్చిన ఇండియా ఈ మూడింటిలో కంటికి అత్యంత ఇంపైనది, ఆడడానికి అత్యంత మొండిది. కాలం 1841. రంజిత్ సింగ్ కన్నుమూసి రెండేళ్లు, సిక్కు సామ్రాజ్యానికీ ఈస్టిండియా కంపెనీకీ మధ్య ఉద్రిక్తత ముదురుతున్న రోజులు. నాయకుడు అర్బాజ్ మీర్ 2013 నాటి బ్రాహ్మన్ అనే గ్రాఫిక్ నవల నుంచి వచ్చాడు. మెహందీ, మండలాల ఆకృతులు తెరంతా విరబూస్తాయి, కొత్తగా చక్రం చేతికొస్తుంది. కానీ ఇందులో రెండు రకాల ఘట్టాలు పెరిగాయి. ఒకటి, కంటపడితే వెంటనే ఓడినట్టు. రెండోది, గడియారంతో పోటీపడి పరుగెత్తాల్సినవి. మొదటిదానికి ఓపిక కావాలి, రెండోదానికి కచ్చితమైన నియంత్రణలు కావాలి. వరసల గందరగోళం అలాగే ఉండగా గడియారం తెచ్చిపెట్టడంతో, చైనాలో క్షమించిన లోపాన్ని ఇక్కడ ఎవరూ క్షమించలేదు.

ఫిబ్రవరి 9న రష్యా వచ్చింది. 1918, ప్రచార పోస్టర్ల ఎరుపు, ఉక్కు రంగు. నికొలాయ్ ఒరెలోవ్ ది ఫాల్, ది చైన్ కామిక్స్ నుంచి వచ్చినవాడు. అతనితోపాటు జార్ కూతురు అనస్తాసియానీ ఆడించవచ్చు. మూడు గేమ్‌లనీ కలిపే ప్రాచీన పెట్టె ఈమె చేతికే చేరుతుంది, షావో జున్ జ్ఞాపకాలూ అలాగే. రైఫిల్‌తో దూరపు గురి, టెలిఫోను మోగించి కాపలావాణ్ణి మళ్లించడం లాంటి కొత్తవి ఉన్నాయి. ఇద్దరు పాత్రధారుల ఆలోచన మూడింటిలోకీ సాహసమైనది, ఇంకా గుర్తింపు దక్కాల్సినది. కానీ ఇండియా వచ్చి నెల కూడా తిరగలేదు. అవే త్రికోణాలు, అదే ఈల, అవే మార్కులు మళ్లీ ఎదురైన సమీక్షకుడికి కొత్తదనం కన్నా పాతదనమే ముందు కనిపించింది.

ఈ అంకెల్ని చదివేటప్పుడు మరో సంగతి గమనించాలి. మెటాక్రిటిక్ ఒక్కో యంత్రానికి వేరువేరుగా లెక్క కడుతుంది, కనీసం నాలుగు సమీక్షలు ఉంటే అంకె వేస్తుంది. సిరీస్ సాగేకొద్దీ సమీక్షలు రాసేవాళ్లు తగ్గారు, కాబట్టి ఒకరిద్దరి అభిప్రాయానికి బరువు పెరిగింది. చైనాకీ రష్యాకీ మధ్య ఉన్న కొద్దిపాటి తేడాని నాణ్యత తేడాగా చదవడం పొరపాటు.

పక్కచూపు తప్పు కాదనడానికి తరువాతి ఏళ్లే సాక్ష్యం. మిర్రర్ ఆఫ్ ఫేట్‌కి మొట్టికాయలు తిన్న మెర్క్యురీస్టీమ్ 2021లో మెట్రాయిడ్ డ్రెడ్ అనే పక్కచూపు ఆటతో ప్రశంసలు అందుకుంది. 2024 జనవరిలో యూబీసాఫ్ట్ మాంట్‌పెలియే ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది లాస్ట్ క్రౌన్‌ని పక్కచూపులోనే తెచ్చి, ఏ తడబాటూ లేకుండా పచ్చగీత దాటింది. తెరవలేని తలుపు ఎదురైతే అక్కడి దృశ్యాన్ని ఫొటోగా తీసి మ్యాప్ మీద గుచ్చుకునే సదుపాయం అందులో ఉంది. బ్లాక్‌గేట్‌లో దారి తప్పినవాళ్లు అడిగింది దాదాపు ఇదే. గెంతు బటన్ నొక్కిన చోటే పడుతుంది, కత్తి అడ్డుపెట్టే క్షణం ముందే కళ్లకు తెలుస్తుంది. అదే ఏడాది అక్టోబరులో, ఆ జట్టులోని వాళ్లని వేరే ప్రాజెక్టులకి పంపేశామని యూబీసాఫ్ట్ చెప్పింది.