ఉడుము గుడ్డుకు ముందు మట్టి కావాలి

అనంతపురం జిల్లాలో శనక్కాయ చేల గట్ల మీద, పుట్టల పక్కన ఉడుము కనపడడం కొత్తేమీ కాదు. విదేశాల్లో వీటిని ఇంట్లో పెంచి, గుడ్లు పొదిగించి పిల్లలు చేయించే వీడియోలు చూసి, మనమూ ఒక జతను పెంచుకుంటే ఏమవుతుందని అడిగే కుర్రాళ్లు ఉన్నారు. మన ఉడుమును పెంచకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్ జంతువు. పట్టుకుంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు పడొచ్చు. బయటి దేశాల ఉడుము జాతులకైతే 2022 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటికి పిల్లలు పుట్టినా ప్రభుత్వానికి తెలపాలి.

అయినా ఆ కుర్రాళ్ల కుతూహలం మంచిదే. ఉడుము సంతానం గురించి తెలుసుకునేకొద్దీ మన గట్ల మీద ఎంత అపురూపమైన జీవి తిరుగుతోందో అర్థమవుతుంది.

విదేశాల్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఆస్ట్రేలియాకు చెందిన యాకీ అనే చిన్న ఉడుము. రెండడుగులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మొదటి చిక్కు, ఏది మగో ఏది ఆడో పైకి చూసి చెప్పడం కష్టం. ఎక్స్‌రే, స్కానింగ్ దాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. తర్వాత వేడి. దీపం కింద ఎండ కాచుకునే రాయి 55 డిగ్రీలు దాటాలి, గూడు అవతలి మూల మాత్రం చల్లగా ఉండాలి.

అసలు పరీక్ష మట్టి దగ్గర. గుడ్లు పెట్టే ఉడుము ముందు చాలాచోట్ల తవ్వి చూస్తుంది. తేమ, వెచ్చదనం, లోతు నచ్చకపోతే గుడ్లు పెట్టకుండా కడుపులోనే ఆపుకుంటుంది. అలా ఆగిన గుడ్లు తల్లి ప్రాణం తీస్తాయి. కొత్తవాళ్ల చేతుల్లో ఆడ ఉడుములు చనిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకే అడుగుకు పైగా లోతున, ముద్ద కట్టే తేమతో, సొరంగం తవ్వినా కూలని ఇసుక కలిసిన మట్టి పోయాలి. మగది లేకపోయినా ఈ ఏర్పాటు ఉండాల్సిందే, ఎందుకంటే ఒంటరి ఆడది కూడా గుడ్లు పెడుతుంది. ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూలో ఫ్లోరా అనే కొమోడో డ్రాగన్ మగతోడు లేకుండా పెట్టిన గుడ్ల నుంచి 2007లో పిల్లలు బయటికొచ్చాయి. కొమోడో కూడా ఉడుము జాతే. అలా పుట్టే పిల్లలన్నీ మగవే.

గుడ్డు తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. పొదిగే కోడి తన గుడ్లను తిప్పుతూ ఉంటుంది. ఉడుము గుడ్డును తిప్పకూడదు. లోపలి పిండం పైపొరకు అతుక్కుని పెరుగుతుంది కాబట్టి, తలకిందులైతే చచ్చిపోవచ్చు. అందుకే పెంపకందారులు పైభాగాన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అదే వాటంలో తీసి 29, 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు. పెంకు తోలులా మెత్తగా ఉండి చుట్టుపక్కల తేమను పీల్చుకుంటుంది.

ఇంత టెన్షన్ పడి మనుషులు పెట్టెలో తయారుచేసేది మన ఎర్రనేలలో ఊరికే దొరుకుతుంది. మన ఉడుము జూన్, సెప్టెంబర్ మధ్య, అంటే ఖరీఫ్ పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు, నేలలో గుంట తవ్వి గానీ చెదల పుట్టలో గానీ ఇరవై దాకా గుడ్లు పెట్టి మట్టి కప్పేస్తుంది. పుట్ట లోపల తేమ, వేడి బయటంత మారవు. గుడ్డు పగలడానికి సుమారు ఆరు నుంచి ఎనిమిది నెలలు. అంతకాలం ఆ మట్టి కదలకూడదు.

మాంసం కోసం, చర్మం కోసం చంపేవాళ్లు ఎలాగూ ఉన్నారు. మగ ఉడుము జననాంగాలను ఎండబెట్టి, అదృష్టం తెచ్చే వేరని చెప్పి ‘హత్తా జోడీ’ పేరుతో అమ్ముతున్నారు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించే మోసం ఇదే. కొన్నవాడికి వచ్చే అదృష్టం ఏమీ లేదు, పైగా అదీ నేరమే.

రైతు చేతిలో ఉన్నది మాత్రం చిన్న పని. గట్టు చదును చేయించేటప్పుడు పుట్టను జేసీబీకి వదలకండి. దున్నుతుంటే గుడ్లు బయటపడితే కడగొద్దు, తిప్పొద్దు. ఉన్నవి ఉన్నట్టే అదే తడిమట్టితో కప్పి, ఎండ తగలకుండా చూసి, దగ్గరి అటవీశాఖ కార్యాలయానికి కబురు చేయండి.