మణికట్టు తిరిగిన కోణం

గిటార్ మీద ఒక్క స్వరం పలకాలంటే మామూలుగా రెండు చేతులూ పనిచేయాలి: ఎడమచేయి నొక్కుతుంది, కుడిచేయి మీటుతుంది. తట్టి వాయించే పద్ధతిలో మీటడమే ఉండదు. వేలు తీగను గబుక్కున మెట్టుకు (ఫ్రెట్‌కు) తాకిస్తే, అక్కడి నుంచి అవతలి కొసన తీగ ఆనే బ్రిడ్జి వరకు ఉన్న భాగం మోగుతుంది. వేలు తీస్తే స్వరం ఆగిపోతుంది. పాతకాలపు యూరప్ వాద్యం క్లావికార్డ్‌ది కూడా ఇదే సూత్రం. అందులో చిన్న ఇత్తడి పలక తీగను తాకి అక్కడే నిలుస్తుంది; అటువైపు భాగం మోగకుండా గుడ్డ అడ్డుకుంటుంది. తట్టుతో పుట్టే ధ్వని చాలా చిన్నది కాబట్టి ఈ పద్ధతి ఎలక్ట్రిక్ వాద్యాల మీదే బాగా రాణించింది.

1950లలోనే అమెరికాలో గిటారిస్టు జిమ్మీ వెబ్‌స్టర్ రెండు చేతులతో తట్టి వాయించేవారు. మరి 1969లో లాస్ ఏంజెలెస్‌లో మరో గిటారిస్టు ఎమ్మెట్ చాప్‌మన్ కొత్తగా చేసిందేమిటి? కుడిచేతి కోణం మార్చారు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ అదే.

ఒక పొడవాటి స్కేలును గిటార్ మెడలా అడ్డంగా పట్టుకోండి. కుడిచేతిని కుడివైపు నుంచి దాని వెంబడే తెచ్చి ఆనిస్తే వేళ్ల కొనలు స్కేలు వెడల్పు మీద వరుసగా పడతాయి. అంటే వేరువేరు తీగలు సులువుగా అందుతాయి, ఒకే తీగ మీద పక్కపక్క మెట్లు అందవు. ఇప్పుడు స్కేలును నిలువుగా పట్టుకుని కుడిచేతిని పక్క నుంచి తెండి. వేళ్లు పొడవునా, మెట్టుకొకటి చొప్పున కూర్చుంటాయి. ఎడమచేతికి ఎప్పటి నుంచో ఉన్న ఈ సౌకర్యం కుడిచేతికీ దక్కింది. అందుకే 1974లో అమ్మకానికి వచ్చిన ఆయన పది తీగల వాద్యం చాప్‌మన్ స్టిక్‌ను దాదాపు నిలువుగా, బెల్టుకు తగిలించుకుని వాయిస్తారు.

హార్పెజ్జి దారి వేరు. అమెరికన్ టిమ్ మీక్స్ రూపొందించిన ఈ వాద్యం పియానోలా ఎదుట పరచి ఉంటుంది. తీగలు వాయించేవారి నుంచి దూరంగా సాగుతాయి, వేళ్లు కూడా అదే దిశలో ఉంటాయి. అంటే కొనలు మళ్లీ తీగలకు అడ్డంగానే పడతాయి. ఆ ఇబ్బందిని శ్రుతి అమరిక తీర్చింది. పక్క తీగకు వెళ్తే రెండు అర్ధస్వరాలు, పక్క మెట్టుకు వెళ్తే ఒక అర్ధస్వరం. స్థాయికి పన్నెండు అర్ధస్వరాలు కాబట్టి, ఒకే మెట్టు మీద ఆరు తీగలు దాటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. పైగా వేలు తీగ వెంబడే ఉంటుంది కాబట్టి ముందుకో వెనక్కో జారిస్తే మెట్టు మెట్టునా స్వరం జారుతుంది. పియానోలో ఆ జారుడుకు చోటే లేదు. ఎ.ఆర్. రెహమాన్ ఈ వాద్యాన్ని వాయిస్తున్నప్పుడు ఆయన వేళ్లను గమనించండి.